చోడవరం మేడగదిలో వాయించిన వయొలిన్లు

నేను వాయించిన వయొలిన్లు వందల పాటల్లో ఉన్నాయి. వయొలిన్‌ని చేత్తో సరిగ్గా పట్టుకోవడం కూడా నాకు రాదు. వేణువు, క్లారినెట్, పియానో కూడా అంతే. అన్నీ కీబోర్డు మీదే వాయించాను. ముప్పై ఏళ్లకు పైగా నా పని అదే. ఈమధ్యనే మానేశాను. ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మాస్టారూ, మా వయొలిన్లు బొమ్మ వయొలిన్లలాగ ఇనబడతన్నాయి, ఏటి సెయ్యమంటారు?" అని అడుగుతుంటారు. ఫోన్లో సగమే చెప్పగలను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

పని ఏమిటంటే

నిజమైన వయొలిన్ మీద ఒక్కో స్వరాన్ని మెల్లగా, గట్టిగా, పొడవుగా, పొట్టిగా విడివిడిగా వాయించి రికార్డు చేస్తారు. ఆ ముక్కలన్నిటినీ కంప్యూటర్లో పేర్చి, కీబోర్డు మీట నొక్కితే సరైన ముక్క పలికేలా చేస్తారు. వాటినే శాంపిల్స్ అంటాం. ముక్కలు నిజమైనవే. కలిపితే వచ్చే పాట మాత్రం నిజంగా అనిపించదు. ఎందుకు అనిపించదో పట్టుకుని, అనిపించేలా చేయడమే మన ఉద్యోగం.

చోడవరంలో నా దగ్గరకు వచ్చేవాళ్లు భజన బృందాలు, చర్చిలో పాడేవాళ్లు, నాటకాల వాళ్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు. నలభైమంది వయొలిన్ వాళ్లను పిలిపించగల మనిషి ఒక్కడూ లేడు. మా మేడగదిలో గోడలకి పాత బొంతలు కట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి రికార్డు చేసేవాణ్ణి. చెరకు సీజన్లో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లు వరసపెట్టి పోతుంటే, పాడేవాళ్లు నోరు తెరిచి మళ్లీ మూసుకుని నా చెయ్యి ఎప్పుడు ఊగుతుందా అని చూస్తూ నిలబడేవారు. శాంపిల్స్‌కి ఆ బాధ లేదు. వీధిలో ఏం పోయినా వాటికి పట్టదు. ఆ సుఖమే మనల్ని చెడగొడుతుంది.

సింహాద్రి మాస్టారు

నేను పని నేర్చుకున్నది వైజాగ్‌లో, భక్తిపాటలు చేసే ఒక చిన్న స్టూడియోలో. దాని యజమాని సింహాద్రి మాస్టారు. స్వయంగా వయొలిన్ వాయించేవారు. ఆయన దగ్గర పన్నెండేళ్లు ఉన్నాను. మంచి మనిషి అని రాయలేను. ఎవర్నీ మెచ్చుకోరు. నేను చేసిన వాద్యాలకు నా పేరు ఒక్క క్యాసెట్ మీదా వేయలేదు. కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవారు. కానీ ఈ వృత్తికి అసలు కిటుకు చెప్పింది ఆయనే.

చేరిన కొత్తలో ఒక పాటకి వేణువు బిట్ వాయించాను. స్వరం తప్పు లేదు, తాళం తప్పు లేదు. నాకు నేనే బాగా నచ్చాను. మాస్టారు కళ్లు మూసుకుని విని అన్నారు.

"ఒరే, ఈ మనిసికి ఊపిరితిత్తులు నేవేటిరా?"

"ఏ మనిషికి మాస్టారూ?"

"ఏణువు వాయిస్తన్న మనిసికి."

"వాయించింది నేనే కదండీ."

"నువ్వు కీబోర్డు వాయించేవు. ఏణువు వాయించినోడు ఎవడు? ఆడు ఎక్కడ కూకున్నాడు? ఊపిరి ఎక్కడ తీసేడు? ఆడు నీకు కనబడకపోతే జనానికి ఎలగ కనబడతాడు?"

అక్కడితో వదల్లేదు. అందరి ముందూ ఆ బిట్ నోటితో పాడమన్నారు. నాది పాడే గొంతు కాదు. సిగ్గుపడుతూ పాడాను. సగంలో ఊపిరి అందక ఆగిపోయాను. తబలా ఆయన నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. "అద్దీ. అక్కడ నీ సేతులు కూడా ఆగాలి" అన్నారు.

అప్పటినుంచి ఏ వాద్యమైనా మీటలు ముట్టేముందు ఆ బాణీ నోటితో పాడేవాణ్ణి. ఎక్కడ ఊపిరి తీసుకున్నానో అక్కడ చిన్న ఖాళీ వదిలేవాణ్ణి. ఖాళీకి ముందున్న స్వరం కాస్త నీరసంగా, తర్వాత వచ్చేది కాస్త బలంగా ఉండాలి. వయొలిన్‌కి ఊపిరి లేదు కదా అనకండి, దానికి తీగల మీద లాగే కమాను ఉంది. కమాను పొడవు ఎంతో అంతే. చివరికొచ్చాక చెయ్యి వెనక్కి తిరగాల్సిందే. తిరిగినప్పుడు శబ్దం కొంచెం మారుతుంది. ఆ మార్పు లేకపోతే వినేవాడికి కారణం తెలియదు గానీ, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది.

వయొలిన్ల గుంపు విషయంలో నేను చేసిన తప్పే ఇప్పుడు మీరంతా చేస్తున్నారు. పది వేళ్లూ ఒకేసారి మీటల మీద పెట్టి నొక్కుతున్నారు. అది వయొలిన్ల గుంపు కాదు, హార్మోనియం. పై వరస వేరుగా, మధ్య వరస వేరుగా, కింది స్వరాలు పలికే పెద్ద వయొలిన్లు, సెల్లోలు వేరుగా, ఒక్కొక్కటీ మొదట్నుంచి చివరిదాకా విడిగా వాయించాలి. ఓపిక కావాలి. ఇంకో దారి నాకు తెలియదు.

మాస్టారు అన్నీ సరిగ్గా చెప్పారని కూడా అనుకోవద్దు. ఆయనకి రీవెర్బ్ పిచ్చి. అంటే పెద్ద హాల్లో పాడితే వచ్చే మోత. అది ఎంత పోస్తే పాట అంత గొప్పదని నమ్మేవారు. వేణువుకొక హాలు, వయొలిన్లకొక హాలు, గొంతుకొక హాలు. మనిషి గుడిలో పాడుతుంటే వాద్యాలు నూతిలోంచి పలుకుతున్నట్టుండేది. నాకు తెలిసి కూడా ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. భయం. ఆ పాటలు ఇప్పటికీ ఎక్కడైనా మైకులో వస్తే నేను పక్క వీధిలోంచి వెళ్తాను. వాద్యాలన్నిటినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. గది చిన్నదైనా ఫర్వాలేదు.

గ్రేస్ టీచర్ పియానో

పియానో శాంపిల్స్ వాయించడం మొదలెట్టిన ఐదేళ్లకి మొదటిసారి పియానో చూశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. వైజాగ్‌లో గ్రేస్ టీచర్ అని ఒక పెద్దావిడ బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ఇంట్లో పాత పియానో ఉందని తెలిసి అడిగి వెళ్లాను. నేను చేసిన ఒక పాట వినిపించాను. ఆవిడ మర్యాదగా విన్నారు.

"బాగుంది బాబూ. ఇది వాయించింది ఎవరు?"

"నేనేనండి."

"మరి నీ సేతికి బరువు నేదేటి?"

పియానో ముందు కూర్చోబెట్టారు. కీబోర్డు అలవాటులో మీట తాకాను. పలకనే లేదు. మళ్లీ నొక్కితే గూట్లో గాజు గ్లాసులు అదిరేలా మోగింది. ఆవిడ నవ్వి, నా కాలిని కింద ఉన్న, స్వరం మోత ఆగకుండా పట్టి ఉంచే పెడల్ మీద పెట్టించారు. అంతవరకూ నేను పెడల్‌ని స్వరంతోపాటే నొక్కుతూ వచ్చాను.

"పాత మోత ఇంకా ఉండగానే కొత్తది వాయించేవనుకో, రెండూ కలిసి బురదయిపోద్ది. కొత్త స్వరం పడినప్పుడు కాలు పైకెత్తు. అది పలికేక, అప్పుడు దింపు. కాలు ఎప్పుడూ సేతికన్నా ఒక్క రవ్వ ఎనక ఉండాలి."

ఆ సాయంత్రం రెండు గంటలపాటు అదొక్కటే చేశాను. తర్వాత ఆవిడ వాయించారు. నన్ను వేళ్లు కాదు, చెక్క వినమన్నారు. పెట్టెకి చెవి ఆనించి విన్నాను. కాలు ఎత్తినప్పుడు లోపల ఉన్నిమెత్తలు తీగల మీద వాలే మెత్తటి చప్పుడు, మీట అడుగున తగిలే చిన్న టక్కు, వాయించని తీగలు కూడా సన్నగా మూలగడం వినబడ్డాయి. మర్నాడు స్టూడియోకి వెళ్లి, శుభ్రంగా ఉండాలని నేను తీసేసిన ఆ చప్పుళ్లన్నీ మళ్లీ పెట్టుకున్నాను. ఎడమచేతిని కుడిచేతికన్నా మెల్లగా చేశాను. నాలుగు వేళ్లతో నొక్కిన స్వరాలు ఒక్క క్షణంలో పడకుండా వెంట్రుకవాసి తేడాతో పడేలా మార్చాను.

కంప్యూటర్లో దీనికొక బొత్తాం ఉంది. నొక్కితే స్వరాలన్నిటినీ తనకి తోచినట్టు అటూ ఇటూ జరుపుతుంది. దాన్ని నమ్ముకోవద్దు. మనిషి తడబడితే కారణం ఉంటుంది. ఎత్తు స్వరానికి వెళ్లేముందు జంకుతాడు. ఇష్టమైన చోట తొందరపడతాడు. పాట అయిపోతోందంటే వెనక్కి లాగుతాడు. బొత్తానికి ఏ కారణమూ తెలియదు.

ఖాదర్ గారి క్లారినెట్

ఇది నేను చేసిన తప్పు గురించి. చిన్నది కాదు.

చోడవరం వచ్చి మేడగదిలో సొంతంగా మొదలుపెట్టిన కొత్తలో ఒక నాటకం పాటలకి అనకాపల్లినుంచి ఖాదర్ గారిని పిలిచాను. ఆయనది టైలరింగ్ షాపు. పెళ్లిళ్ల సీజన్లో బ్యాండుమేళంలో క్లారినెట్. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఆయన శబ్దం విన్నాక నాకు ఆశ పుట్టింది. పాటలు అయ్యాక, "మైకు సరిచూసుకోవాలి, ఒక్కో స్వరం మెల్లగా ఓసారి, గట్టిగా ఓసారి వాయిస్తారా ఖాదర్ గారూ" అన్నాను. మైకు సరిగ్గానే ఉంది. ఆయన ఓపిగ్గా కింది స్వరంనుంచి పైదాకా గంటసేపు వాయించారు. టీ తాగి వెళ్లిపోయారు.

ఆ ముక్కలతో నేను క్లారినెట్ శాంపిల్స్ తయారుచేసుకున్నాను. నాలుగేళ్లు వాడుకున్నాను. క్లారినెట్ కావలసిన ఏ పాటకీ ఆయన్ని మళ్లీ పిలవలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన మెట్లెక్కి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"దేవరాపల్లిలో పెళ్లికి ఎల్లేను బాబూ. పందిట్లో పాట ఏసేరు. అందులో నేను వాయిస్తన్నాను. నేనా పాట ఎప్పుడూ వాయించనేదు. ఇది ఎలగ జరిగిందో నువ్వు సెప్తావని వచ్చేను."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా ముఖమే చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏదీ, ఆ పాట పెట్టు."

పెట్టాను. తలొంచుకుని మొత్తం విన్నారు.

"ఈ సోట నేనయితే కిందనుంచి జారి వస్తాను. నువ్వు మెట్లు ఎక్కినట్టు ఎక్కేవు. ఇక్కడ నేను స్వరాన్ని అంతసేపు కదపకుండా ఉంచను, సివర్న కొంచెం వణికిస్తాను. అయినా అది కాదు నా బాధ." తల పైకెత్తారు. "ఆరోజు నా ముందుపన్ను కదిలిపోతంది. పైస్వరాలు పట్టు దొరక్క గాలి పోయింది. నీ మైకు కోసమే గదా అని ఊరుకున్నాను. ఆ పోయిన గాలినే నాలుగేళ్లు ఊరంతటికీ నా పేరు లేకండా ఇనిపించేవు. నన్ను అడిగుంటే పన్ను కట్టించుకుని వచ్చి వాయిద్దును గదా బాబూ."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆ ముక్కలు నా ముందు తీసీ."

తీసేశాను. ఆయన తెర మీద ఖాళీ చూసి, లేచి వెళ్లిపోయారు. ఇంకో డిస్కులో రెండో కాపీ ఉంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. పదిరోజులు ఉంచుకుని తర్వాత అదీ తీసేశాను.

రెండు నెలల తర్వాత నేనే అనకాపల్లి వెళ్లాను. షాపులో పంజాబీ డ్రెస్సు కుడుతున్నారు. క్షమించమని అడిగాను. ఒక నాటకం పాట ఉంది, వచ్చి వాయించమని అడిగాను. మిషన్ ఆపకుండానే, "కుదిరితే సూద్దాం" అన్నారు. ఆ పాటకి రాలేదు. తర్వాతి పాటకి వచ్చారు. ఏడాది పోయాక తనంతట తనే, "పన్ను కట్టించేను. కావాలంటే ఇప్పుడు తీసుకో ఆ ముక్కలు. కానీ వాడిన పాట మీద నా పేరు రాయాలి. ముఖ్యమైన బిట్ ఉంటే నన్నే పిలవాలి" అన్నారు. ఒప్పుకున్నాను. ఈసారి మూడు రోజులు పట్టింది. స్వరాలే కాదు, ఒక స్వరంనుంచి ఇంకోదానికి జారడాలు కూడా విడివిడిగా వాయించి ఇచ్చారు. ఆయన పోయేవరకూ నేను ఆ మాట తప్పలేదు.

కొత్తవాళ్లు దీన్నించి నేర్చుకోవలసింది సాంకేతికం మాత్రమే కాదు. మీ కంప్యూటర్లో ఉన్న ప్రతి ముక్క వెనకా ఒక మనిషి ఒక రోజంతా కూర్చుని వాయించాడు. ఆరోజు ఆయన ఒంట్లో ఎలా ఉందో మీకు తెలియదు. ఇంకొకటి. పాటంతా శాంపిల్స్‌తో చేసినా, వీలైతే ఒక్క వాద్యం నిజంగా వాయించే మనిషిని పిలవండి. ఆ ఒక్కరి వల్ల మిగతావన్నీ నమ్మేలా ఉంటాయి.

చివరి పాట

పోయిన ఏడాది రోలుగుంట దగ్గరినుంచి మంగ అనే అమ్మాయి వచ్చింది. అంగన్‌వాడీలో పని. వాళ్ల నాన్న భజనల్లో పాడేవాడు. ఆయన పోయి పదకొండు నెలలైంది. ఇంటి అరుగు మీద కూర్చుని పాడుతుంటే ఎప్పుడో ఫోన్లో రికార్డు చేసిన ఒక్క పాట మిగిలింది.

"సంవత్సరీకం నాటికి దీనికి మ్యూజిక్కు ఎట్టాలండి. పెద్ద పెద్ద వయొలిన్లు, పియానో, అన్నీ ఉండాలి. ఆయనకి అలగ పాడాలని సానా ఉండీదండి."

ఆ పెద్దాయన తాళం తనిష్టం. ఒక చరణం పరుగు, ఒక చరణం నడక. మామూలుగా ఇలాంటివి వస్తే గొంతును ముక్కలు కోసి, కంప్యూటర్ తాళానికి సర్దుతారు. నేను అలా చెయ్యలేదు. ఆయన ఎక్కడ ఆగాడో, ఎక్కడ తొందరపడ్డాడో ఒక్కో మాటా విని గుర్తులు పెట్టుకున్నాను. వయొలిన్లు ఆయన కోసం ఆగేలా, ఆయన ఊపిరి తీస్తే వాటి కమాన్లు తిరిగేలా చేశాను. పియానో ఆయన మాటకి ఒక రవ్వ వెనకే నడిచింది. ఇరవై రోజులు పట్టింది. ఫోన్ రికార్డు కాబట్టి గాలి మోత, వీధి మోత ఉన్నాయి. సన్నటి శబ్దాలు పైన, లావువి కింద గీతలుగా కనబడే శబ్దం బొమ్మను తెర మీద చూసుకుంటూ వాటిని తుడిచాను. పైభాగంలో అక్కడక్కడా సన్నటి గీతలు గుంపులుగా ఉన్నాయి. వింటే నాకేమీ వినబడలేదు. చెత్త అనుకుని అవీ తుడిచేశాను. నేను చేసిన పనుల్లో ఇదే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను.

వినడానికి మంగ వాళ్లమ్మను కూడా తీసుకొచ్చింది. ఆవిడ పేరు దేముడమ్మ. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. పాట అయ్యేవరకూ కదల్లేదు. మంగ కళ్లు తుడుచుకుంది.

"సానా బాగుందండి. నాన్న నిజంగా స్టేజీ మీద పాడినట్టుంది." కాస్త ఆగి, "అమ్మ ఏదండీ?" అంది.

నాకు అర్థం కాలేదు. "అమ్మ కూడా పాడిందా?"

"నేదండి. పక్కన కూకుని బియ్యం సెరుగుతంది. ఆ గాజులు ఇనబడతాయి గదండీ. పాట పొడుగునా ఉంటాయి."

మంగ తన ఫోన్ తీసి అసలు రికార్డు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ" అంది. నేను ఫోన్ చెవికి ఆనించుకున్నాను. పెద్దాయన గొంతు వినబడింది. చేట చప్పుడు కూడా కొంచెం. గాజులు లేవు. "ఇదిగో, మళ్లీ" అంది. లేవు. అంత సన్నటి శబ్దాలు వినడం నా చెవులు ఎప్పుడు మానేశాయో నాకు తెలియదు. దానికి కారణం హెడ్‌ఫోన్లు పెట్టుకుని గడిపిన ఏళ్లు కొంత, వయసు కొంత. ఎంతకాలంగా ఎంతమంది పాటల్లోంచి ఏమేం తుడిచానో లెక్క చెప్పలేను.

దేముడమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మోచేతులనుంచి మణికట్టుదాకా బోసిగా ఉన్నాయి.

"కొంచెంసేపు కూర్చోండమ్మా" అన్నాను. తుడిచిన గొంతు తీసేసి, అసలు రికార్డును గాలి మోతతో సహా తిరిగి పెట్టాను. గాజుల మోత మీద పడుతున్న చోట్ల వయొలిన్ల పైవరస తీసేశాను. పియానో పైస్వరాలు తగ్గించాను. ఎక్కడెక్కడ ఖాళీ వదలాలో తెర మీద ఆ సన్నటి గీతలు చూసే చేశాను. చెవితో కాదు.

మళ్లీ వేశాను. మొదటి చరణంలోనే దేముడమ్మ తల పైకెత్తింది.

"అయి మట్టిగాజులు" అంది. "ఆ ఏడు పండక్కి ఏయించేడు. ఓ పక్క పాడతా, ఓ పక్క మోత సెయ్యకే అని కసిరీవోడు. ఆపితే, ఏటి ఆపేసేవు అనీవోడు."

పాట అయిపోయింది. "ఇంకోపాలి ఎయ్యి బాబూ" అంది.

నేను ఆ తర్వాత ఇంకొకరి పాట ఒప్పుకోలేదు. ఆరోజు మాత్రం ఆవిడ అడిగినన్నిసార్లు వేశాను. గాజులు ఎక్కడ మోగుతున్నాయో ఆవిడ ముఖం చూసి తెలుసుకున్నాను.